తాండూరు కుల్ఫీ ఫ్రీజర్‌లో తొమ్మిది రోజుల మంచు

ఈ ప్రయాణానికి కారణం ఒక కాగితం. నా కూతురి కూతురు హారిక వికారాబాద్‌లో నా దగ్గరే ఉండి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. శీతాకాలంలో హిమాలయాల్లో జరిగే పర్వతారోహణ శిక్షణకు ఎంపికయ్యానంటూ ఒక సాయంత్రం దరఖాస్తు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. చివరి పేజీలో సంరక్షకుల సంతకం కోసం ఒక గీత ఉంది. వాళ్ళమ్మను ఫోన్లో అడిగితే, "అమ్మమ్మ పెడితే నాకేం అభ్యంతరం లేదు" అని భారమంతా నా మీద వేసి ఊరుకుంది. నేను ముప్పై నాలుగేళ్ళు ఉన్నత పాఠశాలలో లెక్కలూ భౌతికశాస్త్రమూ చెప్పినదాన్ని. విన్న మాట మీద సంతకం పెట్టే అలవాటు నాకు లేదు.

"నువ్వు మంచును ఫ్రిజ్జుల తప్ప యాడ చూసినవ్?" అని అడిగాను.

"ఫ్రిజ్జుల చూసింది చాలు అమ్మమ్మా. అక్కడ భయపడాల్సింది చలికి కాదు, పాత మంచుకు. పడ్డ మంచు పడ్డట్టు ఉండదు. పొరల లోపల దాని ఆకారం మారుతనే ఉంటది. అది తెల్వనోళ్ళే దాని కింద పడ్తరు."

"మారుతదని నువ్వు చెప్తే నేను రాసుకోవాల్నా? చూపియ్."

"చూపిస్తే సంతకం పెడ్తవా?"

"చూసినంక చెప్త."

వికారాబాద్‌లో మంచు చూపించడం ఎలా అన్నది తన సమస్య, నాది కాదు అనుకున్నాను. అయితే హారిక వెనుకాడే పిల్ల కాదు. తనతో చదివే సమీనా వాళ్ళది తాండూరు. సమీనా తల్లి రజియా బేగం ఇంటి వెనక గదిలో కుల్ఫీ తయారు చేసి అమ్ముతుంది. ఆమె దగ్గర రెండు పెద్ద ఫ్రీజర్లున్నాయి. వాటి గోడలకు పట్టే నూగు మంచును గీకి, రెండు డబ్బాల్లో నింపి, తొమ్మిది రోజులుగా ఒక ఫ్రీజర్‌లో ఉంచారు. పదో రోజు ఆదివారం. ఆ రోజు వెళ్ళి చూడాలి. ఎలాగూ తాండూరు దాకా వెళుతున్నాం కనుక, వాగు అవతల ఒక ఊళ్ళో విసురురాయి మీద పగలగొట్టిన కందిపప్పు ఐదు కిలోలు తెచ్చుకుందామని నేను కూడా ఒక పని కలుపుకున్నాను. ఆ ఊరావిడకు శుక్రవారమే ఫోన్ చేసి చెప్పాను.

వికారాబాద్ బస్టాండులో ఏడూ నలభైకి తాండూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ కార్డు చూపితే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు ఇస్తారు కనుక పోవడానికి ఖర్చేమీ లేదు. ఆదివారం కావడంతో అనంతగిరి గుట్టకు వెళ్ళే కుర్రకారుతో బస్సు నిండిపోయింది. వాళ్ళంతా ఘాట్ మొదట్లో దిగిపోగానే కిటికీ పక్క సీటు దొరికింది. కూర్చోవాలనుకునేవాళ్ళు ఆ పది నిమిషాలు ఓపిక పడితే చాలు. రాత్రి వాన కురిసినట్టుంది. చెట్ల మొదళ్ళు నల్లగా తడిసి ఉన్నాయి, రోడ్డు మలుపుల దగ్గర ఎర్రమట్టి కొట్టుకొచ్చి పేరుకుంది. హారిక కిటికీలోంచి ఒక కాలిబాట చూపించింది. నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం వీపున పది కిలోల బియ్యం సంచి కట్టుకుని ఆ బాటనే ఎక్కి దిగుతోందట. సంచి మాయం కావడం నేను గమనించాను గానీ, గుట్టకు పోతోందని అనుకోలేదు.

"మా బియ్యమేనా?"

"మనదే. ఒక్క గింజ గూడ తక్కువ కాలే. కావాల్నంటే తూకమెయ్యి."

"తూకం కాదు, గుట్టలెక్కిన బియ్యం ఉడుకుతయో లేదో చూడాలె."

ముందు సీటులోని కండక్టరమ్మ వెనక్కి తిరిగి, "గట్టిగనే ఉడుకుతయమ్మా, కసరత్తు చేసినయ్ గదా" అని నవ్వింది.

ధారూర్ దాటేదాకా హారిక చెప్పింది, నేను అడిగాను. ఆకాశం నుంచి పడేటప్పుడు మంచు రేకు ఆరు కొమ్మల నక్షత్రంలా ఉంటుంది. అది నేనూ చెప్పిన పాఠమే. నేను చెప్పనిది దాని తరువాతి కథ. కుప్పలో పడిన రేకు ఆ కొమ్మలను ఎక్కువ కాలం నిలుపుకోలేదు. సన్నని మొనల నుంచి మంచు ఆవిరై, లోపలి గుంతల్లోకీ పక్క రేణువుల్లోకీ చేరుతుంది. చిన్నవి తరిగిపోతాయి, పెద్దవి పెరుగుతాయి. కరగకుండానే ఆవిరి ఎలా అవుతుందని అడిగాను.

"కర్పూరం పల్లెంల పెడితే ఏమైతది? కరిగి నీళ్ళు అయితదా?"

ముప్పై నాలుగేళ్ళు తరగతిలో నేను చెప్పిన ఉదాహరణ నాకే అప్పజెప్పింది. సరే, అన్నాను. అక్కడి నుంచి రెండు దారులున్నాయట. కుప్ప అంతటా చలి ఒకేలా ఉంటే రేణువులు గుండ్రబడి, ఒకదానికొకటి మెడలు కలిసి, కుప్ప గట్టిపడుతుంది. అలా కాక కింద నేల వెచ్చగా, అంటే సున్నాకు దగ్గరగా ఉండి, పైన గాలి చాలా చల్లగా ఉంటే, ఆవిరి కింది నుంచి పైకి వేగంగా నడుస్తుంది. కింది రేణువు నెత్తి మీద నుంచి లేచి, దాని పై రేణువు అడుగుకు అంటుకుంటుంది. అప్పుడు రేణువులు గుండ్రబడవు. కోణాలు తేలి, పెద్దవై, ఒకదాన్నొకటి పట్టుకోవడం మానేస్తాయి. మీటరుకు పది డిగ్రీల తేడా ఉంటే ఇది మొదలవుతుందని చెప్పింది. నోట్‌బుక్‌లో రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

తాండూరులో దిగేసరికి తొమ్మిదికి మూడు నిమిషాలు. బస్టాండు నుంచి రజియా ఇంటికి నడక పన్నెండు నిమిషాలు. ఇంటి ముందు మెట్ల నుంచి వెనక గది గోడల దాకా అంతా నాపరాయే. తాండూరులో బండకు కరువు లేదు. రజియా యాభై దాటిన మనిషి, పొట్టిగా, చురుగ్గా ఉంది. పాలు మరుగుతున్న గిన్నెలో గరిటె ఆపకుండానే మమ్మల్ని పలకరించింది.

"రండ్రి టీచరమ్మా. మీ మనుమరాలు నా ఫ్రీజర్ల తొమ్మిది దినాల సంది కిరాయికి ఉంటుంది. కుల్ఫీ పెట్టుకునే జాగల బరఫ్ డబ్బా పెట్టింది."

"కిరాయి ఇస్తున్నదా?"

"ఇస్తుంది. ఫ్రీజర్ గీకి సాఫ్ చేస్తుంది. మా సమీనా అయితే పెళ్ళయి పోయేదాంక గీకది."

సమీనా ట్యూషను చెప్పడానికి వెళ్ళి ఇంట్లో లేదు. లేకపోబట్టి తన తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. రజియా మాకు చాయ్ ఇచ్చి, మా పని సంగతి విని, తల ఊపింది. ఈ విషయం ఆమెకు కొత్త కాదు.

"కరెంటు పోయి వచ్చిన దినం కుల్ఫీల రవ్వ పడ్తది. జర కరిగి మళ్ళ గట్టిపడ్తది చూడు, అప్పుడు చిన్న పలుకులు పొయ్యి పెద్ద పలుకులు అయితయ్. చూస్తే తెల్వది, నాలుకకు తెలుస్తది. గిరాకీ ఊకనే అంటరు, రజియా ఆపా, ఇది పాతది అని. పాతది కాదు, నిన్నటిదే. లోపల ముసలిదయ్యింది."

"అదే ఆంటీ, నేను చెప్పేది గూడ అదే" అంది హారిక.

"నా కుల్ఫీకి, హిమాలయాలకు సుట్టరికమా? చెప్పు, బోర్డు మీద రాయించుకుంట."

ఇక డబ్బాల సంగతి. రెండూ థర్మోకోల్ డబ్బాలు, ఒక్కో డబ్బాకు ఒక పక్క గాజు అమర్చి ఉంది. మంచు ఎత్తు పద్నాలుగు సెంటీమీటర్లు. మొదటి దాంట్లో మంచు తప్ప ఏమీ లేదు. రెండో దాని అడుగున ఒక రేకు, రేకు కింద దీపావళి సీరియల్ లైట్ల నుంచి తీసిన రెండు బుడ్డి బల్బులు, వాటికి ఒక పాత చార్జరు. కింద నేల వెచ్చదనం కోసం ఆ ఏర్పాటు. నా ఎదుటే కొలిచింది. మొదటి డబ్బాలో పైనా కిందా మైనస్ పదిహేడు. రెండో దాంట్లో పైన మైనస్ పదిహేడు, అడుగున మైనస్ మూడు. పద్నాలుగు సెంటీమీటర్లకు పద్నాలుగు డిగ్రీలు. లెక్క శుభ్రంగా ఉంది. తొమ్మిది రోజులూ పొద్దునా సాయంత్రమూ సమీనా తీసి పంపిన అంకెలు కూడా వరుసగా రాసి పెట్టింది. ఒక్క పూట మాత్రం ఖాళీ ఉంది, పక్కన "కరెంటు లేదు" అని రాసి ఉంది. ఆ ఖాళీ చూసి నాకు కొంచెం నమ్మకం కలిగింది. అన్ని గళ్ళూ నిండిన పట్టికలను నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా అనుమానించేదాన్ని.

మొదటి డబ్బా మంచును చెంచాతో గుచ్చితే దిగలేదు. గట్టిగా నొక్కితే బెల్లం అచ్చులా ఒక ముక్క విరిగింది. దాన్ని చూడడానికి హారిక ముందే ఫ్రీజర్‌లో పెట్టి చల్లబరిచిన ఒక నాపరాయి పలక తీసింది. మామూలు పలక మీద పెడితే క్షణంలో కరిగిపోతుంది, చల్లటి బండ మీద మూడు నాలుగు నిమిషాలు నిలుస్తుంది. పైగా బూడిదరంగు మీద మంచు స్పష్టంగా కనిపిస్తుంది. కందుల్లో పురుగు చూడడానికి మా నాన్న వాడిన భూతద్దాన్ని నేను తీసుకెళ్ళాను. మా నాన్నది ఇదే తాండూరులో కందుల దుకాణం. అద్దంలోంచి చూస్తే రేణువులు సగ్గుబియ్యంలా గుండ్రంగా, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. రెండో డబ్బా అడుగు నుంచి గాజు పక్కగా చిటికెడు తీసి మళ్ళీ చూపించింది. అవి వేరే రకం. మెరుస్తున్నాయి. ఒక్కోటీ ఆవగింజకంటే పెద్దది. అంచులు కోసినట్టున్నాయి, ఒంటి మీద మెట్లు మెట్లుగా గీతలు. కొన్ని బోర్లించిన గిన్నెల్లా లోపల డొల్లగా ఉన్నాయి, నోరు కిందికి. పలక వంచితే చక్కెరలా జారాయి, ఏ రెండూ అంటుకోలేదు. ఒకే ఫ్రీజర్, ఒకే రోజు గీకిన మంచు, తొమ్మిది రోజులు. నోట్‌బుక్‌లో పెట్టిన ప్రశ్నార్థకం కొట్టేశాను.

ఆ తరువాత జరిగింది నా తప్పు. రెండో డబ్బాలో పైన రెండు వేళ్ళ మందాన కొత్త మంచు పోసి, ముందు రోజు సాయంత్రం సమీనా అరచేత్తో అదిమి ఉంచింది. కొండ మీద కొత్తగా పడి గాలికి గట్టిపడిన పొర అలా ఉంటుందట. హారిక మూత తీసి డబ్బా నా చేతికిచ్చింది. పైపొర కొంచెం ఎగుడు దిగుడుగా కనిపించింది. మా నాన్న దుకాణంలో కొలిచే మానిక నిండా కందులు పోశాక పక్కన అరచేత్తో ఒక్క తట్టు తట్టేవాళ్ళు. గింజ కుదురుకుంటుంది, తగ్గినంత మళ్ళీ పోస్తారు. తట్టకుండా ఇస్తే కొనేవాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. ఏడేళ్ళ వయసు నుంచి నా చెయ్యి అదే నేర్చుకుంది. అనుకోకుండానే డబ్బా పక్కన ఒక్క తట్టు తట్టాను.

"హల్లూ అమ్మా, హల్లూ! మెల్లగ!" అని రజియా అంటూనే ఉంది.

లోపల బస్తా కూలబడినట్టు 'దబ్'మని చిన్న చప్పుడైంది. పైపొర మొత్తం ఒక్కసారిగా వేలెడు మందం కిందికి దిగింది. పొర మధ్యలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక గీత చీలింది. కంగారులో నా చెయ్యి వంగింది. అంతే, పైన గట్టిగా ఉన్న పొర ముక్కలై, కింది చక్కెర మీద జారి, డబ్బా అంచు దాటి బండల మీద పడింది. దాని వెనకే పలుకులు సర్రున రాలాయి. తట్టడానికీ జారడానికీ మధ్య మూడు సెకన్లు కూడా లేవు.

రజియా స్టవ్ ఆపింది.

"ఇంట్ల చక్కెర డబ్బా, ఉప్పు డబ్బా, చిన్నప్పుడు నా తల, అన్నీ గట్లనే తట్టేది" అంది హారిక రజియాతో. తొమ్మిది రోజుల పని నేల మీద కరుగుతుంటే ముఖం చిట్లించకుండా స్కేలు తీసి, డబ్బాలో మిగిలిన మంచు ఎత్తు కొలిచి రాసుకుంది. నాకు మాత్రం ఆ రెండు వేళ్ళ పొర మీద ఒక మనిషి నిలబడి ఉన్నట్టు కనిపించింది. వీపున పది కిలోల సంచితో.

"పైన గట్టిగనే ఉన్నది. కింద చక్కెర అయిందని పైకెల్లి ఎట్ల తెలుస్తది?" అని అడిగాను.

"తెల్వది. అందుకే తవ్వుతరు. ఎక్కే ముందు గుంత తీసి పొర పొర చూస్తరు."

"తవ్వినంక గిట్ల ఉంటే?"

"వెనక్కొస్తరు."

"అంత దూరం పొయ్యి, అన్ని దినాలు నేర్చుకొని, కొండ కొన ఎదురుంగ కనవడుతుంటే వెనక్కొస్తరా?"

"రావాలె."

"రావాలె అనేది పుస్తకంల మాట. మనుషులు రారు. నువ్వు పోవద్దు. సంతకం పెట్టను."

హారిక వాదించలేదు. "చూపియ్యమన్నవ్, చూపిన" అని మాత్రం అని, బండల మీది నీళ్ళు తుడిచింది. రజియా ఇద్దరికీ చెరో కుల్ఫీ చేతిలో పెట్టింది. ఒకటి ముప్పై రూపాయలు. ఎంత చెప్పినా తీసుకోలేదు. కుల్ఫీలో రవ్వ లేదు. ఆ సంగతి చెబితే, "కరెంటు మంచిగున్నది గీ వారం" అంది. నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, "నా బిడ్డ గిట్ల అడిగితే నేను గూడ వద్దంట. కానీ అమ్మా, మీరు తట్టినరు. ఆ పిల్ల తట్టలే" అని గొంతు తగ్గించి చెప్పింది.

పదకొండున్నరకు ఆటో మాట్లాడుకున్నాం. కందిపప్పు ఊరికి తొమ్మిది కిలోమీటర్లు, పోయి రావడానికి మూడు వందల యాభై అడిగాడు. డ్రైవరు పేరు మల్లేశం, నలభై ఏళ్ళుంటాయి. నేను మూడు వందలకు తెచ్చి, "ఊరికి తీస్కపోతేనే ఇచ్చుడు, సగం తొవ్వల ఏదన్న అయితే పైస రాదు" అని షరతు పెట్టాను. పోయినసారి ఒకతను టైరు పంక్చరైందని మధ్యలో దింపి పూర్తి కిరాయి అడిగాడు. అందుకని ఆ షరతు. మల్లేశం, "మా బండి ఆగదమ్మా, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అని ఎక్కించుకున్నాడు. దారి పొడవునా కంది చేలు నడుమెత్తు పెరిగి ఉన్నాయి. ఒక చోట రోడ్డు పక్క ఇద్దరు ముసలివాళ్ళు కన్నడంలో మాట్లాడుకుంటూ కనిపించారు. సరిహద్దు దగ్గరే మరి.

ఆరు కిలోమీటర్లు పోయాక వాగు అడ్డం వచ్చింది. కాగ్నా నదిలో కలిసే వాగు అది. దాని మీద ఎత్తు తక్కువ కల్వర్టు. రాత్రి ఎగువన పడిన వానకు నీళ్ళు కల్వర్టు మీదుగా పోతున్నాయి. మట్టి రంగు నీళ్ళు, సాఫుగా, పెద్ద చప్పుడేమీ లేకుండా. అంచున చూస్తే జానెడు లోతు కూడా లేదు. అవతలి ఒడ్డున రోడ్డు ఎక్కడం, దాని వెనక ఊరి నీళ్ళ ట్యాంకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మల్లేశం బండి ఆపి ఒక్క చూపు చూసి మళ్ళీ గేరు వేశాడు.

"పోదామా అమ్మా? గింత నీళ్ళకు భయపడితే తాండూర్ల బతకలేం."

నేను వాచీ చూసుకున్నాను. పన్నెండుకు ఐదు నిమిషాలు. సాయంత్రం తిరుగు రైలుకు బోలెడు సమయం ఉంది, ఊరు కనిపిస్తోంది. "పోనియ్" అన్నాను.

"ఆపన్నా" అంది హారిక. ఆటో ఆగకముందే ఒక కాలు కింద పెట్టింది. దిగి నీళ్ళ అంచు దాకా నడిచి, నీళ్ళలోకి కాక, కల్వర్టు రెండు పక్కల కట్టకేసి చూసి వచ్చింది. "పోవద్దు. తిప్పు."

"తొవ్వ మా బండికి తెలుసు చెల్లె. దినాం పోతం."

"తొవ్వ ఉన్నదో, కింద కోసుకుపోయిందో నీళ్ళల్ల కనవడ్తలేదు గదన్నా."

అంతలో అవతలి నుంచి ఒక ట్రాక్టరు వచ్చింది. ట్రాలీలో ముగ్గురు నిలబడి ఉన్నారు. నీళ్ళు చిమ్ముకుంటూ దాటి మా పక్క నుంచే పోయింది. ట్రాలీలో ఒకాయన మమ్మల్ని చూసి చెయ్యూపాడు కూడా. మల్లేశం రెండు చేతులూ చాచి, "చూసినవా? మనుషులు నవ్వుకుంట పోతున్నరు. మనం గీడ నిలబడి చూస్తున్నం" అన్నాడు.

"ట్రాక్టరు చక్రం నా నడుమంత ఉంటది. మనయి మూడు చిన్న చక్రాలు."

"హారికా, ఎక్కు" అన్నాను. "ట్రాక్టరు పోయింది. ఊరు ఎదురుంగనే ఉన్నది. పప్పు కోసం ఆమె పొద్దటి సంది చూస్తుంటది. ఇంత దూరం వచ్చి..."

అక్కడ ఆగిపోయాను. ఆ మాట నేను గంట కిందట హారికను అడిగినదే, కాకపోతే ఇప్పుడు వెనక్కి తిరగనంటున్నది నేను.

"అమ్మమ్మా, దిగు" అంది. ఇరవై ఏళ్ళలో ఆ పిల్ల నాకు పని పురమాయించడం అదే మొదటిసారి. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. నేను దిగాను.

మల్లేశం ముఖం ముడుచుకున్నాడు. పిల్లతో వాదించడం అనవసరమని నా వైపు తిరిగాడు. "ఊరికి పోతేనే పైసలంటిరి. గిప్పుడు తిప్పుతే నా డీజిలు ఎవలిస్తరమ్మా? నాకు గూడ పిల్లలున్నరు. నాకు మాత్రం నీళ్ళల్ల దిగాల్నని సరదానా?"

అతను చెప్పింది నిజం. అంతవరకు అతనిది మొండి ధైర్యం అనుకున్నాను. నిజానికి ఆ ధైర్యం నా షరతు నుంచి వచ్చింది. ఆగితే కూలి పోయేలా ఏర్పాటు చేసింది నేను, మళ్ళీ 'పోనియ్' అన్నదీ నేనే. మూడు వందలూ అక్కడే చేతిలో పెట్టి, బండి తిప్పమన్నాను. అతని భుజాలు సడలాయి. తిరుగుదారిలో తనే చెప్పాడు, "సక్కగ చెప్పాల్నంటే అమ్మా, ఎడమ పక్క కట్ట నాకు గూడ నచ్చలే." ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. కారణం తెలుసు కనుక.

పప్పు ఆవిడకు ఫోన్ చేస్తే, "నీళ్ళు తగ్గినంక పంపిస్త తియ్యి, పప్పేమన్న పాసిపోతదా" అంది. తాండూరు స్టేషను దగ్గర ఒక హోటల్లో రెండు ప్లేట్ల భోజనం చేసి, ప్లాట్‌ఫారం మీది బండ బెంచీ మీద కూర్చున్నాం. వికారాబాద్‌కు జనరల్ టికెట్లు ఇద్దరికీ కలిపి వంద లోపే. రైలుకు ఇంకా మూడు గంటలుంది. హారిక తన పట్టికలో ఆఖరి గడి నింపుతోంది. "పైపొర కూలింది: అమ్మమ్మ తట్టినందువల్ల" అని రాసింది. అది చదివి, "తట్టిన ఎత్తు, బలం రాయలే. అసంపూర్ణం" అన్నాను. "మళ్ళ తట్టి చూపియ్, రాస్త" అంది. తరువాత కొంతసేపటికి దరఖాస్తు ఇమ్మని చెయ్యి చాచాను. సంచిలోంచి తీసి ఇచ్చింది. బెంచీ బండ నున్నగా ఉంది, రాయడానికి అట్ట అవసరం లేకపోయింది. గీత మీద సంతకం పెట్టి తేదీ వేశాను.

"ఒక్క మాట. కొన దాంక పోయినవా అని నేను అడగ. మీ అమ్మను గూడ అడగనియ్య. ఫొటో గూడ అవసరం లేదు. మధ్యల కెల్లి వెనక్కొచ్చినా ఖర్చంతా నాదే" అన్నాను.

"సరే" అంది. కాగితం మడిచి లోపల పెట్టుకుంది.

ఆ రోజు మేం కల్వర్టు దాటి ఉంటే క్షేమంగానే చేరేవాళ్ళమేమో. ట్రాక్టరు చేరింది. ఆ సంగతి ఇక తెలిసే వీలు లేదు. ముందుకు పోయినవాళ్ళకు తాము చేసింది సరైనదని చూపించడానికి అవతలి ఒడ్డు ఉంటుంది. వెనక్కి తిరిగినవాళ్ళకు అలాంటిదేమీ ఉండదు, పప్పు లేని సంచి తప్ప. మంచు కుప్ప పైనుంచి చూస్తే ఏ రోజైనా ఒకేలా తెల్లగా ఉంటుంది. అడుగున తొమ్మిది రోజులుగా ఏం జరిగిందో పైపొర చెప్పదు. నేను లోపలిది తెలుసుకోవాలని బయలుదేరి, తెలుసుకున్న గంటకే మట్టి నీళ్ళ పైపొరను నమ్మాను. చదువు వేరు, ఆ చదువును కాలు దాకా తెచ్చుకోవడం వేరు అని పిల్లలకు ఎన్నో ఏళ్ళు చెప్పాను. ఆ పరీక్షలో ఆ రోజు నాకు మార్కులు రాలేదు, ఆ పిల్లకు వచ్చాయి. సంతకం అందుకే.

ఒక్క సూచన. వానాకాలంలో తాండూరు నుంచి వాగులు దాటి పోయే ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు ఆటో మాట్లాడుకునేటప్పుడే, ఊరు చేరినా చేరకపోయినా పూర్తి కిరాయి ఇస్తామని డ్రైవరుకు చెప్పండి. అప్పుడు బండి తిప్పమనడం మీకు కష్టం కాదు, తిప్పడం అతనికీ కష్టం కాదు.